టాట్షెన్షీని రాఫ్టింగ్ ట్రిప్పు: అలల కోసమైతే ఈ డబ్బు దండగ

కెనడా పైకొసన యూకాన్‌లోని డాల్టన్ పోస్ట్ దగ్గర టాట్షెన్షీని నదిలో రాఫ్టు ఎక్కి, బ్రిటిష్ కొలంబియా కొండల మధ్యగా సాగి, అమెరికాకు చెందిన అలాస్కాలోని డ్రై బే దగ్గర దిగే ట్రిప్పు ఇది. సుమారు 225 కిలోమీటర్లు, పది నుంచి పన్నెండు రోజులు. మధ్యలో ఊరు లేదు, అంగడి లేదు, సెల్ సిగ్నల్ లేదు. దీన్ని అమ్మే కంపెనీలు ఒకటికి మించి ఉన్నాయి. ఒక్కరికి 5,000 డాలర్లకు తక్కువగా దొరకడం అరుదు, విమానం ఖర్చు వేరే. ఏ కంపెనీ గొప్పదో ఇక్కడ తేల్చడం లేదు. అంత డబ్బుకు ఏం వస్తుంది, ఏం రాదు, ఎక్కడ తేడా కొడుతుంది అన్నదే చూస్తున్నాం, అదీ కర్నూలు, అనంతపురం, కడప నుంచి పోయేవాళ్ల కోసం.

ముందు బ్రోచర్ సంగతి. తెల్లటి నురుగులో ముక్కు పైకెత్తిన రాఫ్టు ఫొటో అందులో తప్పక ఉంటుంది. అబద్ధమేం కాదు గానీ అది మొదట్లో వచ్చే ముచ్చట. డాల్టన్ పోస్ట్ దాటగానే వచ్చే ఇరుకు లోయలో క్లాస్ త్రీ ర్యాపిడ్లు (ఆరు మెట్ల కొలతలో మూడో మెట్టు ఉరవడి) ఉంటాయి, నీళ్లు ఎక్కువున్నప్పుడు ఇంకాస్త గట్టిగా ఉంటాయి. ఆ లోయ అయిపోయాక నది వెడల్పవుతూ, పాయలు పాయలుగా చీలుతూ, గంటకు పది కిలోమీటర్ల వేగంతో లాక్కుపోతుంది తప్ప ఎగరేయదు. పైగా చాలా కంపెనీలు తెడ్ల రాఫ్టులే వాడతాయి: అల్యూమినియం ఫ్రేము మీద గైడ్ ఒక్కడే కూర్చుని పొడుగాటి తెడ్లు వేస్తాడు, మిగతావాళ్లు ఊరికే కూర్చుంటారు. అందరూ తెడ్డు వేసే రాఫ్టు కావాలంటే బుకింగ్‌కు ముందే అడగాలి. కేకలేస్తూ తడవాలన్నదే సరదా అయితే దాండేలీయో రిషికేశో పోండి, లక్షలు మిగులుతాయి.

మరి ఇక్కడ కట్టే డబ్బు దేనికంటే, చలినీళ్లలో మనిషిని పొడిగా ఉంచడానికి, ఎలుగుబంట్ల మధ్య వంట చేసి పెట్టడానికి, మంచుగడ్డలు తేలే సరస్సును క్షేమంగా దాటించడానికి, చివర్లో విమానం రాకపోయినా కూడు, గుడారం చూసుకోవడానికి. కంపెనీని జోకాల్సింది ఈ నాలుగింటి మీదే.

అన్నింటికన్నా చలి పెద్దది. ఇవి హిమానీనదాలు కరిగి వచ్చే నీళ్లు, ఈ నది అల్సెక్ అనే పెద్ద నదిలో కలిసే చోటికి వచ్చేసరికి ఫ్రిజ్‌లో నీళ్లంత చల్లగా ఉంటాయి. మేలో 43 డిగ్రీలు చూసే ఒళ్లు మనది. నీళ్లలో పడితే జరిగేదాన్ని కెనడాలో 1-10-1 అనే లెక్కతో నేర్పుతారు. మొదటి నిమిషం ఊపిరి ఎగబీలుస్తుంది, మనం ఆపినా ఆగదు, ఆ నిమిషంలో నోట్లోకి నీళ్లు పోతే మునుగుతారు. తర్వాత పది నిమిషాలు చేతులు, వేళ్లు మాట వింటాయి, తాడు పట్టుకోవాలన్నా, రాఫ్టు ఎక్కాలన్నా అప్పుడే. ఆ తర్వాత గంట లోపల స్పృహ పోతుంది. చాలామంది ఒళ్లు గడ్డకట్టి పోతారనుకుంటారు గానీ ప్రాణం పోయేది ఎక్కువగా మొదటి రెండు దశల్లోనే. అందుకే లైఫ్ జాకెట్ బకిల్ ఒక్కటి వదులుగా ఉన్నా గైడ్ కసురుకుంటాడు. కసురుకోని గైడ్‌నే అనుమానించాలి.

కాబట్టి కంపెనీని అడగాల్సిన మొదటి ప్రశ్న: డ్రైసూట్ ట్రిప్పు మొత్తానికా, మొదటి లోయకేనా? కొన్ని కంపెనీలు లోయ దాటాక రెయిన్‌కోటు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లతో సరిపెడతాయి. పాయలుగా పారే చోట రాఫ్టు తిరగబడటం అరుదే, కాబట్టి అదేమీ పెద్ద నేరం కాదు. కానీ అక్కడి వాళ్లకు ఆ చలి అలవాటు, మనకు లేదు. మన వైపు నుంచి పోయేవాళ్లు ఒకటి రెండు వందల డాలర్లు ఎక్కువైనా డ్రైసూట్ చివరిదాకా ఇచ్చే కంపెనీనే చూసుకోవాలి.

డ్రైసూట్ అంటే మెడ దగ్గర, మణికట్ల దగ్గర లేటెక్స్ రబ్బరు పట్టీలు ఉండి, లోపలికి నీళ్లు రానివ్వకుండా ఒళ్లంతా కప్పే సూటు. అది వెచ్చదనం ఇవ్వదు, తడవనివ్వదు, అంతే. వెచ్చదనం లోపల వేసుకున్న ఉన్ని నుంచే రావాలి: ఒంటికి ఆనుకుని పల్చటి మెరీనో ఉన్ని, దాని మీద ఫ్లీస్. కాటన్ బనియన్ వేసుకుంటే చెమటకు తడిసి, ఆ తడి ఆరక, సూట్ లోపలే వణుకు మొదలవుతుంది. వేసుకున్నాక గొంతుక్కూర్చుని, మెడ పట్టీని రెండు వేళ్లతో కాస్త తెరిచి లోపలి గాలి బయటికి పంపాలి. ఆ పని చేయకపోతే నీళ్లలో పడ్డప్పుడు గాలి కాళ్లలోకి చేరి కాళ్లే పైకి తేలతాయి.

ఈ పట్టీలు తెగేది ఎక్కువగా మన చేతుల్లోనే. ఉంగరం, వాచీ, కడియం, గాజులు తీసేయకుండా చెయ్యి దూరిస్తే చీలిపోతాయి. పొడుగు గోళ్లు కూడా అంతే. మన వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది కొబ్బరినూనె. తలకు పెట్టిన నూనె చేతులకంటి, ఆ చేతులతో మెడ పట్టీ పట్టుకుని లాగితే లేటెక్స్ మెత్తబడి జిగటగా అవుతుంది, కొన్నాళ్లకు చీలుతుంది. దోమల మందుతోనూ ఇదే గొడవ. తల వెంట్రుకలు పట్టీ కింద ఇరుక్కున్నా సందు దొరికి నీళ్లు కారతాయి. వేసుకునే ముందు పట్టీ మీద కాస్త టాల్కం పౌడరు చల్లితే సులువుగా జారుతుంది. ట్రిప్పులో విడి పట్టీలు, అంటించే సామాను ఉన్నాయా అని అడగండి. తడబడకుండా జవాబిచ్చే కంపెనీని కాస్త నమ్మొచ్చు.

రాఫ్టుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు, దాదాపు అన్నీ అడుగున కంతలుండి నీళ్లు వాటంతటవే బయటికి పోయే రకం. ఒక్క విషయం గమనించండి: ఒడ్డున ఎండకు బిగిసిన ట్యూబు చల్లటి నీళ్లలో దింపగానే మెత్తబడుతుంది, మళ్లీ గాలి కొట్టాలి. మధ్యాహ్నం ఒడ్డుకు లాగాక కాస్త గాలి వదలాలి. ప్రతి ఆగిన చోటా ట్యూబును అరచేత్తో నొక్కి చూసే గైడ్ పని తెలిసినవాడు. మన సామాను సుమారు 110 లీటర్ల డ్రైబ్యాగులో పోతుంది. మూతిని మూడు మడతలకు తక్కువ చుడితే, మడతలో ఇసుక ఉంటే, నీళ్లు లోపలికి వస్తాయి. స్లీపింగ్ బ్యాగును దానిలో మళ్లీ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టడం మేలు, అదీ ఈకల రకం కాకుండా సింథటిక్ రకం అయితేనే తడిసినా పనిచేస్తుంది.

వానను తక్కువ అంచనా వేయొద్దు. అనంతపురంలో ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లు పడితే మంచి కాలమే అనుకుంటాం. ట్రిప్పు ముగిసే తీరంలో, దగ్గరి ఊరు యాకుటాట్‌లో, ఏడాదికి 3,500 మిల్లీమీటర్లకు పైనే పడుతుంది. ఎగువన పొడిగా మొదలై కిందికి పోయేకొద్దీ ముసురు పెరుగుతుంది. అంటే ఒళ్లు అలిసిపోయిన రోజుల్లోనే వాన ఎక్కువ. ఆఖరి మూడు రోజులకని ఒక జత ఉన్ని బట్టలు ముట్టకుండా దాచుకోవాలి.

నీళ్ల రంగు సిమెంటు కలిపినట్టు ఉంటుంది. హిమానీనదం రాతిని నూరిన పిండి అది. రాఫ్టు అడుగుకు చెవి ఆనిస్తే సర్రుమని సన్నటి చప్పుడు ఆగకుండా వినిపిస్తుంది, ఆ పిండి రబ్బరును రాసుకుంటూ పోయే చప్పుడు. ఈ నీళ్లను నేరుగా ఫిల్టర్‌లో పోస్తే కాసేపటికే మూసుకుపోతుంది. తెలిసిన గైడ్లు పక్కవాగుల తేట నీళ్లు పడతారు, లేదంటే రాత్రి బకెట్లో చిటికెడు పటిక వేసి తేర్చి పొద్దున పై నీళ్లు వడకడతారు. మన పల్లెల్లో చెరువు నీళ్లకు చేసిన పనే. పటిక ఎక్కువైతే నాలుక పీకుతుంది, బకెట్‌కు చిటికెడు చాలు.

జంతువుల విషయానికి వస్తే, ఇక్కడ ఆశ సరిగ్గా పెట్టుకోవాలి. గ్రిజ్లీ ఎలుగులు, దుప్పి జాతిలోనే పెద్దదైన మూస్, బట్టతల గద్దలు, కొండకొమ్మున తెల్లటి మేకలు, తోడేళ్ల అడుగులు, ఇవి ఉండే చోటే ఇది. నల్ల ఎలుగులో నీలి బూడిద రంగు రకం ప్రపంచంలో ఈ తీరం చుట్టుపక్కలే ఉంటుంది, కనిపిస్తే అదృష్టం. అయితే జీపు సఫారీ లెక్కన పక్కనే నిలబడి ఫొటో తీసే వ్యవహారం కాదు. ఎలుగుకు కనీసం వంద మీటర్ల దూరం పాటించాలి, చాలా జంతువులు అంతకంటే దూరంలో గులకరాళ్ల దిబ్బ మీద చుక్కలా కనిపిస్తాయి. 8x42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే రకం) లేకుండా పోతే సగం ట్రిప్పు పోయినట్టే. ఎలుగులు ఎక్కువగా వచ్చేది సాల్మన్ చేపలు ఎదురీదే కాలంలో. మొదలుపెట్టే డాల్టన్ పోస్ట్ షాంపేన్, ఐషిహిక్ ఆదివాసుల పాత చేపల రేవు. గైడ్ దాని గురించి రెండు ముక్కలైనా చెప్పగలగాలి.

వంటిల్లు గుడారాలకు దూరంగా, గాలి వాలుకు పెడతారు. తిండి, పేస్టు, సబ్బు, సెంటు, అన్నీ ఎలుగు తెరవలేని డబ్బాలోకే. ఇక్కడే మన వాళ్లు గురి తప్పుతారు: జేబులో చెనిక్కాయల చిక్కీ, బ్యాగు అడుగున ఊరగాయ సీసా మర్చిపోయి గుడారంలో పడుకుంటారు. కారప్పొడులు తీసుకెళ్లండి, తప్పేం లేదు, అక్కడి కూరలకు ఉప్పూ కారం అంటవు. బొరుగులు కూడా బరువు లేని సరుకు, పొద్దున ఉగ్గాని చేసుకోవచ్చు. కానీ కెనడా కస్టమ్స్‌కు తిండి ఉందని తెలపాలి, రాత్రిపూట డబ్బాలో పెట్టాలి. శాకాహారం అడిగితే పెడతారు, ముందే రాసి చెప్పాలి, గుడ్డు తింటారో లేదో కూడా.

ఎలుగు స్ప్రేలో ఉండేది మిరప ఘాటే, గుంటూరు మిరప యార్డులో తుమ్మిన వాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. గాలి ఎటు వీస్తోందో చూసుకుని, ఎలుగు పది మీటర్ల లోపలికి వచ్చాక ముఖానికి ఎదురుగా మబ్బులా కొట్టాలి. దోమల మందులా ఒంటికీ గుడారానికీ పూసుకునేది కాదు, ఆరిన స్ప్రే వాసనకు ఎలుగులు ఇంకా దగ్గరికి వస్తాయి. విమానంలో చేతి సంచిలోనూ, లగేజీలోనూ నిషేధం, కాబట్టి యూకాన్ రాజధాని వైట్‌హార్స్‌లో కొనాలి, లేదా కంపెనీయే ఇవ్వాలి. మలవిసర్జనకు మూత బిగిసే ఇనుప డబ్బా ఉంటుంది, దాన్ని చివరిదాకా మోసుకొస్తారు. ఇబ్బందిగా అనిపించినా, ఆ డబ్బా లేకుండా నడిపే కంపెనీ వైపు పోవద్దు.

ట్రిప్పు మొత్తంలో గైడ్ విలువ తేలేది అల్సెక్ సరస్సు దగ్గర. హిమానీనదాల నుంచి విరిగిన గడ్డలు అందులో తేలుతుంటాయి. సరస్సులోకి పోయే దారులు ఒకటి కంటే ఎక్కువ, ఏ దారి మూసుకుందో రోజురోజుకూ మారుతుంది. పడవ ఒడ్డుకు కట్టి, పక్కనున్న గుట్టెక్కి, బైనాక్యులర్‌తో చూసి గానీ దిగకూడదు. తప్పు పాయలోకి పోతే ప్రవాహం నేరుగా గడ్డల మీదికి నెడుతుంది. గడ్డలు చెప్పకుండా బోర్లా పడతాయి, వాటి ఎత్తుకు ఎన్నో రెట్ల దూరం ఉంచాలి. మధ్యాహ్నం నుంచి సముద్రం వైపు నుంచి ఎదురుగాలి లేస్తుంది, అందుకే ఇక్కడ పొద్దున్నే కదలాలి. ఒక రోజైనా ఖాళీగా ఉంచని ట్రిప్పులో గైడ్ గాలి తగ్గేదాకా ఆగలేడు. పన్నెండు రోజుల ట్రిప్పు పది రోజుల దాని కన్నా నయం అనేది అందుకే.

ఫొటోలు చూసి మోసపోకుండా ఒక మాట. క్యాంపు నుంచి నడిచి వాకర్ హిమానీనదం ఎక్కుతున్న పాత బొమ్మలు ఇంకా తిరుగుతున్నాయి. మంచు వెనక్కి జరిగిపోయింది, అలా ఎక్కే రోజులు పోయాయి. గ్రాండ్ ప్లేటో హిమానీనదం కరుగుతున్న తీరు చూసి, కొన్ని దశాబ్దాల్లో అల్సెక్ డ్రై బేను వదిలి మరో దారిన సముద్రంలో కలుస్తుందని శాస్త్రవేత్తలు అంచనా వేశారు. ఇంత పెద్ద లోయ ఇప్పటికీ ఇలా ఉందంటే 1993లో బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం విండీ క్రాగీ రాగి గనిని ఆపి పార్కుగా ప్రకటించడం వల్లే. మరుసటి ఏడాదే యునెస్కో వారసత్వ స్థలంలో చేరింది. గనుల దుమ్ము తెలిసిన కడప వాళ్లు ఆ లోయను కాస్త వేరే కళ్లతో చూస్తారేమో.

ప్రయాణం విషయం. కర్నూలు వాళ్లకు హైదరాబాద్, అనంతపురం వాళ్లకు బెంగళూరు విమానాశ్రయం దగ్గర. అక్కడి నుంచి వాంకూవర్, తర్వాత వైట్‌హార్స్. నది రెండు దేశాల్లో పారుతుంది కాబట్టి కెనడా వీసా, అమెరికా వీసా రెండూ కావాలి. తిరిగి వైట్‌హార్స్‌కే వచ్చే ట్రిప్పయితే కెనడా వీసా మల్టిపుల్ ఎంట్రీయో కాదో చూసుకోండి. నది మీద చెక్‌పోస్టు ఉండదు, సరిహద్దు దాటే సంగతి అధికారులకు ముందే తెలపడం కంపెనీ పని, ఎలా చేస్తారో రాతపూర్వకంగా అడగండి. ఇన్సూరెన్స్ పాలసీలో రాఫ్టింగ్‌ను, హెలికాప్టర్ తరలింపును మినహాయించారేమో చూడాలి, మామూలు ట్రావెల్ పాలసీల్లో సాహస క్రీడలు తరచూ ఉండవు.

డ్రై బే నుంచి చిన్న విమానం. పొగమంచు పడితే రాదు, ఒక రోజు, రెండు రోజులు కూడా రాదు. ఇంటికి టికెట్ ట్రిప్పు ముగిసిన మర్నాటికే తీసుకుంటే ఆ డబ్బు పోయినట్టే, రెండు రోజులు వదలండి. చిన్న విమానంలో సామాను పరిమితి తక్కువ, సూట్‌కేసు వైట్‌హార్స్ హోటల్లోనే వదలాలి. గైడ్లకు ట్రిప్పు ధరలో పది నుంచి పదిహేను శాతం టిప్పు అక్కడి ఆనవాయితీ, బడ్జెట్లో ముందే వేసుకోండి.

ఇంత ఖర్చుకు ముందు ఒంటి సంగతి తెలుసుకోవాలంటే గండికోట దగ్గరి పడవ షికారు పనికిరాదు, ఆ నీళ్లు గోరువెచ్చన. జులై, ఆగస్టుల్లో లడఖ్‌లో జాన్స్కార్ నది మీద చిల్లింగ్ నుంచి నిమ్మూ దాకా ఒక్క రోజు రాఫ్టింగ్ చేసి చూడండి. అవీ మంచు కరిగిన నీళ్లే. సాయంత్రానికి వేళ్లు ముడుచుకుని చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతే, అలాస్కాకు పోయేముందు చేతి తొడుగుల మీద ఇంకాస్త ఖర్చు పెట్టాలి, నియోప్రీన్ అనే మెత్తటి రబ్బరువి, సైజు ఒకటి పెద్దది.