వైర్‌షార్క్ ఆరేళ్ల వాడకం: 20480 పోర్ట్ ఎక్కడి నుంచి వచ్చింది?

నెట్‌వర్క్‌లో నడిచే ప్యాకెట్లను పట్టి, విప్పి చూపించే టూల్ వైర్‌షార్క్. ఆరేళ్లుగా దాన్ని తెరవని పనిరోజు నాకు లేదు. అది చేసే పనులు చాలానే ఉన్నాయి గానీ, బైట్ ఆర్డర్ (ఒక అంకెలోని బైట్లు ఏ వరసలో ఉంటాయన్నది) తప్పులు పట్టుకోవడంలో అది నాకెలా అక్కరకొచ్చిందో అదే చెబుతాను.

రెండేళ్ల కిందట, మేం వాడే ఇంకో నెట్‌వర్క్ టూల్ ఒక సర్వర్ నుంచి 20480 పోర్ట్‌కి (కనెక్షన్ ఏ సర్వీసుకో చెప్పే నంబర్) కనెక్షన్లు పోతున్నాయని చూపించింది. ఆ పోర్ట్ మేం ఎక్కడా వాడం. ఎవరైనా చొరబడ్డారేమోనని అందరికీ టెన్షన్. రెండు రోజులు ఫైర్‌వాల్ లాగ్‌లన్నీ తిరగేశాం, ఆ అంకె ఎక్కడా కనిపించలేదు. చివరికి ఆ సర్వర్‌లోనే టీసీపీడంప్ అనే టూల్‌తో క్యాప్చర్ (ప్యాకెట్ల రికార్డు) తీసి వైర్‌షార్క్‌లో తెరిచాను. పోర్ట్ 80 అని ఉంది. దాని మీద నొక్కితే కింద హెక్స్‌లో (పదహారు ఆధారంగా అంకెలు రాసే పద్ధతి) 00 50 అనే రెండు బైట్లు వెలిగాయి. వాటినే తిరగేసి 50 00 అని చదివితే 20480! నెట్‌వర్క్ మీద అంకెలో పెద్ద స్థానంలో ఉన్న బైట్ ముందు నడుస్తుంది. ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రాసెసర్లు చిన్న స్థానంలోని బైట్‌ని ముందు పెట్టుకుంటాయి. ఆ టూల్ రాసినవాళ్లు ఒకచోట మార్పిడి మరిచిపోయారు.

మాకు అనుమానం రాకపోవడానికి కారణం ఉంది. ప్యాకెట్‌లోని టీటీఎల్ (ఇంకా ఎన్ని రూటర్లు దాటొచ్చో చెప్పేది), ప్రోటోకాల్ నంబర్ ఒక్కో బైటే, వాటిలో తిరగబడేదేమీ లేదు. అవన్నీ సరిగ్గా కనిపిస్తుంటే పోర్ట్ నంబర్‌నీ నమ్మేశాం. అందుకే అంకె పక్కనే అసలు బైట్లు చూపించే టూల్ అంటే నాకంత గౌరవం.

పింగ్ (అవతలి మెషిన్ పలుకుతుందో లేదో చూసే ప్రోగ్రామ్) విషయంలో వైర్‌షార్క్ ఇంకో మెట్టు ముందుంది. ఎన్నో పింగో చెప్పే సీక్వెన్స్ నంబర్‌ని రెండు వరసల్లోనూ చదివి 1/256 అని చూపిస్తుంది. విండోస్ ఎక్స్‌పీ కాలం నాటి పింగ్‌లో ఆ నంబర్ 256, 512 అని పెరిగేది. రెండో అంకె పక్కనే ఉంటే అవి 1, 2 అని వెంటనే తెలుస్తుంది. కొత్తవాళ్లు మాత్రం ఆ గీత చూసి మొదట తికమకపడతారు.

లోటుపాట్లూ ఉన్నాయి. సొంత ప్రోటోకాల్ కోసం లువా అనే భాషలో డిసెక్టర్ (ప్యాకెట్‌ని విడదీసి చూపే కోడ్) రాసేటప్పుడు, పెద్ద బైట్ ముందున్న అంకెకి 'యాడ్', చిన్న బైట్ ముందున్నదానికి 'యాడ్_ఎల్ఈ' అని రెండు ఫంక్షన్లుంటాయి. ఒకదాని బదులు ఇంకోటి రాస్తే వైర్‌షార్కే తప్పు అంకె చూపిస్తుంది, హెచ్చరిక ఏమీ ఇవ్వదు. నేను రెండుసార్లు అలా చేశాను. ఇక ప్యాకెట్ బయటికే రాకపోతే అది చేయగలిగిందేమీ లేదు. లినక్స్‌లో చక్కగా నడిచిన నా ట్రేస్‌రూట్ ప్రోగ్రామ్ (ప్యాకెట్ ఏ దారిన పోతుందో చూపేది) మ్యాక్‌లో 'చెల్లని ఆర్గ్యుమెంట్' అని ఆగిపోయింది. ఐపీ హెడర్ (ప్యాకెట్ మొదట్లో చిరునామాలు, పొడవు ఉండే భాగం) మనమే రాసి 'రా సాకెట్' (raw socket) ద్వారా పంపితే, మ్యాక్‌లో పొడవు అంకెని ఆ మెషిన్ బైట్ వరసలోనే ఇవ్వాలట. క్యాప్చర్ ఖాళీగా ఉండటంతో ఆ కారణం మాన్యువల్ చదివి తెలుసుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు ఏ కొత్త టూల్ వచ్చినా ముందు 8080కి ఒక కనెక్షన్ పెట్టి, అది 8080 అంటుందా 36895 అంటుందా అని వైర్‌షార్క్ పక్కన పెట్టుకుని చూస్తాను. 257తో మాత్రం పరీక్షించను, అది 01 01, ఎటు చదివినా ఒకటే.