సింగపూర్ ట్రిప్‌కి తీసుకున్న ఫారెక్స్ కార్డు: 5కి 3 మార్కులు

ఫారెక్స్ కార్డంటే విదేశీ డబ్బు ఇక్కడే ముందుగా వేయించుకుని పట్టుకెళ్ళే కార్డు. ముందే చెప్పేస్తున్నా, కార్డు చెడ్డదేం కాదు. కానీ అమ్మేటప్పుడు చెప్పిన మాటలకీ చివరికి జేబులోంచి పోయిన డబ్బుకీ పొంతన లేదు, అందుకే ఇంత రాయాల్సి వస్తోంది. వైజాగ్ నుంచి సింగపూర్‌కి స్కూట్ విమానం నేరుగా ఉండడంతో మా వైపు నుంచి పిల్లల సెలవులకి వెళ్ళేవాళ్ళు ఎక్కువయ్యారు, వెళ్ళే ప్రతి ఒక్కళ్ళూ వీసా అయిపోగానే అడిగేది "మరి డబ్బు సంగతేంటి?" అనే. బ్యాంకు పేరు రాయను. పెద్ద ప్రైవేటు బ్యాంకే, పైగా మిగతావాళ్ళ కార్డుల షరతులు కూడా కూర్చుని చదివితే కాస్త అటూ ఇటూగా అందరిదీ ఇదే తంతు.

కార్డు తీసుకోవడం వరకు ఏ ఇబ్బందీ లేదు. పాస్‌పోర్టు, పాన్, వీసా, టికెట్టు కాపీలు ఇచ్చాం, కార్డు చేతిలో పెట్టారు. "జీరో మార్కప్ సార్, అక్కడ ఒక్క రూపాయి కూడా ఎక్స్‌ట్రా పడదు" అన్నాడు కౌంటర్‌లో కుర్రాడు. మార్కప్ అంటే అసలు రేటు మీద బ్యాంకు అదనంగా వేసుకునేది. అబద్ధం చెప్పలేదు పాపం. అక్కడ పడదు, ఎందుకంటే కోయాల్సింది ఇక్కడే, లోడ్ చేసే రేటులోనే కోసేశారు. గూగుల్‌లో సింగపూర్ డాలరు 65 రూపాయలు ఉందనుకోండి, కార్డులో వేసేది 66.60 లెక్కన. వెయ్యి డాలర్లకి 1,600 రూపాయలు అక్కడే ఎగిరిపోయాయి, ఫీజు అనే మాట ఎక్కడా లేకుండా. కార్డు ఇచ్చినందుకు ఛార్జీ, మళ్ళీ లోడ్ చేస్తే ఛార్జీ, వాటి మీద జీఎస్టీ ఇవన్నీ వేరే. కరెన్సీ మార్పిడి మీద పడే జీఎస్టీ మాత్రం చాలా తక్కువ, లక్ష రూపాయల వరకు మార్చిన మొత్తంలో ఒక శాతాన్ని సేవ విలువగా లెక్కేసి దాని మీద 18 శాతం, అంటే లక్షకి 180 రూపాయలు. దాన్ని చూసి గింజుకోనక్కర్లేదు. చూడాల్సింది రేటు.

ఆ రేటు బేరమాడొచ్చు అన్న సంగతి చాలామందికి తెలీదు. బ్యాంకు కౌంటర్‌లో రేటు చెప్పగానే అదేదో పెట్రోలు ధరలాగా తలూపేస్తాం. రిజర్వు బ్యాంకు లైసెన్సు ఉన్న మనీ ఛేంజర్ల దగ్గర ఒకటి రెండు చోట్ల ఫోన్‌లో కొటేషన్ తీసుకుని, "ఫలానా వాళ్ళు ఇంత చెప్పారు, మీరేం ఇస్తారు?" అని మా ఆవిడ అడిగితే అదే బ్రాంచి నలభై పైసలు తగ్గించింది. ఇది మాత్రం కార్డుకి కాదు, మా ఆవిడకి ఇవ్వాల్సిన మార్కు.

ఇక ఈ కార్డు లేకుండా మామూలు డెబిట్ కార్డో క్రెడిట్ కార్డో పట్టుకెళ్తే ఏమవుతుంది? చాలా కార్డులకి విదేశీ మార్కప్ 3.5 శాతం దాకా ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 4.13 శాతం. లక్ష ఖర్చు పెడితే 4,130 రూపాయలు ఊరికే పోయినట్టు. ఫారెక్స్ కార్డు దానికన్నా నయమే, రేటులో రెండున్నర శాతం తిన్నా సరే. కానీ ఇప్పుడు మార్కప్ అసలు లేని క్రెడిట్ కార్డులు వచ్చేశాయి, ఫెడరల్ బ్యాంకు స్కేపియా ఒకటి, ఐడీఎఫ్‌సీ ఫస్ట్ వాళ్ళ వావ్ ఇంకోటి, ఈ రెండోది ఫిక్స్‌డ్ డిపాజిట్ పెడితే ఇస్తారు కాబట్టి జీతం స్లిప్పులు లేనివాళ్ళకి కూడా వస్తుంది. వీటిలో వీసా లేదా మాస్టర్‌కార్డ్ అనే కార్డు కంపెనీల రేటే పడుతుంది, అది గూగుల్‌లో కనిపించే రేటుకి చాలా దగ్గరగా ఉంటుంది. షరతులు మారుతూ ఉంటాయి, తీసుకునేముందు ఒకసారి చూసుకోండి. ఇలాంటి కార్డు ఇంట్లో ఉంటే ఫారెక్స్ కార్డుకి మిగిలే పని రెండే, ఒకటి క్రెడిట్ కార్డు లేని అమ్మానాన్నల చేతిలో పెట్టడానికి, రెండు ఏటీఎంలో నగదు తీయడానికి. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో డబ్బు తీస్తే చాలావాటికి ఆ రోజు నుంచే వడ్డీ నడుస్తుంది, ఆ పని చెయ్యకండి. రూపాయి పడిపోతుందేమో అని టెన్షన్ పడేవాళ్ళకి, లోడ్ చేసిన రోజు రేటే ఖాయం అనే నిశ్చింత కూడా ఉందనుకోండి, దానికి విలువ ఎంతో మీరే కట్టుకోవాలి.

కార్డులో ఏ కరెన్సీ వేస్తున్నారో చూసుకోవడం మాత్రం మర్చిపోవద్దు. "యూఎస్ డాలర్లు వేయించుకోండి, ప్రపంచమంతా చెల్లుతాయి" అని కొందరు ఏజెంట్లు సలహా ఇస్తారు. చెల్లుతాయి, కాకపోతే అమెరికా డాలర్లున్న కార్డుని సింగపూర్ షాపులో గీకితే మళ్ళీ ఇంకో మార్పిడి, దానికి క్రాస్ కరెన్సీ ఛార్జీ, చాలా బ్యాంకుల్లో అది కూడా మూడు శాతం పైమాటే. సింగపూర్ వెళ్తే సింగపూర్ డాలర్లే వేయించండి.

సింగపూర్‌లో దిగాక కార్డు పనితీరుకి పెద్దగా వంక పెట్టలేను. ఎమ్ఆర్‌టీ రైలు గేటు దగ్గర టికెట్టు కొనక్కర్లేదు, వీసా, మాస్టర్‌కార్డ్ కార్డులని నేరుగా ట్యాప్ చేసి వెళ్ళిపోవచ్చు, బస్సులో కూడా అంతే. మా కార్డు మొదట ట్యాప్ అవలేదు, యాప్‌లో కాంటాక్ట్‌లెస్ అనే మీట విడిగా ఆఫ్‌లో పెట్టి ఇచ్చారు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే రోమింగ్‌లో బోలెడుసేపు పాట వినిపించి, చివరికి "యాప్‌లో చూసుకోండి సార్" అన్నారు. ఇండియాలో ఇచ్చే బ్యాంకు కార్డులకి విదేశీ వాడకం మనమే ఆన్ చేసుకోవాలని 2020 మార్చి నుంచి రిజర్వు బ్యాంకు రూలే ఉంది, భద్రతకి అది మంచిదే, కానీ ఫారిన్ వెళ్ళడానికే అమ్మిన కార్డుకి కూడా ట్యాప్ ఆఫ్ చేసి ఇవ్వడం ఏం తెలివో అర్థం కాదు. ఒక మార్కు ఇక్కడ కోశాను. విమానం ఎక్కకముందే అన్ని మీటలూ చూసుకోండి, బ్యాంకు ఓటీపీలు వచ్చే సిమ్‌కి రోమింగ్ కూడా.

రైలుకి ఇంకో లెక్క ఉంది. బయటి దేశాల కార్డులతో ట్యాప్ చేస్తే, ప్రయాణం చేసిన రోజుకి కార్డుకి 60 సెంట్లు అడ్మిన్ ఫీజు వేస్తారు. రైళ్ళకీ బస్సులకీ అక్కడ అమ్మే ఈజీలింక్ కార్డు కొంటే ఈ ఫీజు లేదు గానీ కార్డు ఖరీదు కింద 5 డాలర్లు తిరిగి రావు. నాలుగైదు రోజుల ట్రిప్‌కి మన కార్డు ట్యాప్ చేయడమే చవక, వారం దాటి తొమ్మిది రోజులో అంతకు మించో తిరిగేవాళ్ళకి ఈజీలింక్ లాభం. మనిషికో కార్డు ఉండాలి, ఒక్క కార్డుతో ఇద్దరు గేటు దాటలేరు. అదే కార్డుని ఫోన్‌లో పెట్టుకుని ఒకసారి ఫోన్‌తో, ఒకసారి ప్లాస్టిక్‌తో ట్యాప్ చేస్తే దాన్ని రెండు వేర్వేరు కార్డులుగా లెక్కేస్తుంది, లోపలికి ఏది చూపిస్తే బయటికీ అదే చూపించాలి.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది షాపుల్లో. సెరంగూన్ రోడ్డులో ఓ ఎలక్ట్రానిక్స్ షాపు, బిల్లు 100 డాలర్లు అనుకోండి. కార్డు మెషీన్‌లో పెట్టగానే తెర మీద రెండు గళ్ళు వచ్చాయి, పైన రూపాయల్లో అంకె, కింద సింగపూర్ డాలర్లలో. మనం చదివేలోపు సేల్స్‌మేన్ బొటనవేలు పై గడి మీదకి వెళ్ళిపోతోంది, "ఇండియన్ రుపీస్, ఈజీ ఫర్ యూ సార్" అంటూ. ఆ ఈజీ ఖరీదు చూడండి, 65 లెక్కన 6,500 అవ్వాల్సింది తెర మీద 6,800 దాటి ఉంటుంది, ఎందుకంటే రేటు ఆ మెషీన్ పెట్టినవాళ్ళది, వాళ్ళ లాభం అందులోనే ఉంది. అక్కడితో అయిపోదు, విదేశంలో రూపాయల్లో జరిగిన బిల్లు మీద కూడా మన బ్యాంకులు కొన్ని ఒక శాతం వేసుకుంటాయి. ఫారెక్స్ కార్డైతే ఇంకా తమాషా, అందులో ఉన్నవి సింగపూర్ డాలర్లు, బిల్లు రూపాయల్లో, మళ్ళీ వెనక్కి మార్పిడి! నేను చెయ్యి అడ్డం పెట్టి "నో, సింగపూర్ డాలర్" అన్నాను, అతను ఏమీ అనుకోకుండా కింద గడి నొక్కాడు. ఏటీఎంలో కూడా ఇదే ప్రశ్న ఇంకో వేషంలో వస్తుంది, కన్వర్షన్‌తోనా కన్వర్షన్ లేకుండానా అని. లేకుండా అనే నొక్కండి. లేకుండా నొక్కితే డబ్బు రాదేమో అని భయపడేలా రాస్తారు ఆ తెర మీద, వస్తుంది.

హోటల్లో డిపాజిట్‌కి ఫారెక్స్ కార్డు ఇవ్వకండి. మా తోడల్లుడు చెక్ ఇన్ అప్పుడు డిపాజిట్‌కి అదే ఇచ్చేశాడు, 200 డాలర్లు బ్లాక్ చేశారు, అవి ఖాళీ చేసిన వారం దాటాక గానీ విడుదలవలేదు. "అన్నయ్యా, నా డబ్బు నాకే కనిపిస్తోంది, వాడుకోడానికి లేదు" అని ట్రిప్ అంతా ఒకటే గోల. క్రెడిట్ కార్డు ఇస్తే బ్లాక్ అయ్యేది లిమిట్, మన చేతిలో డబ్బు కాదు.

నగదు అసలు వద్దా అంటే, కావాలి. టెక్కా సెంటర్‌లాంటి హాకర్ సెంటర్లలో, అంటే చిన్న తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే చోట్ల, దోశ, బిర్యానీ, టీ అమ్మే కొన్ని కొట్లు నగదు లేదా మన యూపీఐ లాంటి అక్కడివాళ్ళ పేనౌ మాత్రమే తీసుకుంటాయి. మన యూపీఐ కూడా సింగపూర్‌లో కొన్ని చోట్ల పని చేస్తుంది, యాప్‌లో ఇంటర్నేషనల్ ఆన్ చేసుకుంటే చాలు, కాకపోతే ప్రతి క్యూఆర్‌కీ పని చేస్తుందని నమ్ముకుని ఆకలితో క్యూలో నిలబడొద్దు. ఇండియా నుంచి 25,000 రూపాయల దాకా మన నోట్లు పట్టుకెళ్ళొచ్చు, లిటిల్ ఇండియాలో మన రూపాయలు మార్చే కౌంటర్లు బోలెడు. ముస్తఫా సెంటర్‌లో మార్చాం, రేటు బోర్డు మీద ఎదురుగా ఉంది, విడిగా కమీషన్ అడగలేదు, క్యూ ఉన్నా చకచకా కదిలింది. ఎయిర్‌పోర్టు కౌంటర్లో చూసిన రేటు కన్నా బాగా మెరుగు. ఈ కౌంటర్‌కి మాత్రం 5కి 4న్నర ఇస్తాను. చిల్లరలో బ్రూనై డాలరు నోటు వస్తే మోసం అనుకోకండి, 1967 నుంచి రెండు దేశాలకీ ఒప్పందం ఉంది, అది సింగపూర్‌లో సమాన విలువకే చెల్లుతుంది. ఇండియా తెచ్చుకుంటే మాత్రం మార్చేవాడు దొరకడం కష్టం, అక్కడే టీ తాగేయండి.

టీసీఎస్ గురించి, అంటే విదేశీ డబ్బు తీసుకునేటప్పుడు బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను గురించి, అందరూ భయపెడతారు. అలా తీసుకున్నది మనిషికి ఆర్థిక సంవత్సరానికి 10 లక్షలు దాటితేనే పడుతుంది, 2025 ఏప్రిల్ నుంచి ఇదే లెక్క, ఇంతకు ముందు 7 లక్షలు. మామూలు కుటుంబం సింగపూర్ ట్రిప్‌కి కార్డులో వేసుకునే డబ్బుకి అది తగలదు, టూర్ ప్యాకేజీ కొంటే రూలు వేరు.

రెండో మార్కు ఎక్కడ కోశానంటే, తిరిగొచ్చాక. కార్డులో మిగిలింది వెనక్కి తీసుకుందామని వెళ్తే బ్రాంచిలో ఫారం నింపమన్నారు, పాస్‌పోర్టు కాపీ మళ్ళీ అడిగారు, రేటు చూస్తే అమ్మినదానికన్నా డాలరుకి రెండు రూపాయలకి పైగా తక్కువ, దాని మీద ఫీజు ఒకటి. కొన్నాళ్ళు వాడకుండా వదిలేస్తే ఇనాక్టివిటీ ఫీజు అని మిగిలినదాంట్లోంచి తీసుకుంటూ పోతారట, అది షరతుల కాగితంలో చివరి పేజీలో ఉంది. అమ్మేటప్పుడు ఇంటికొచ్చి మరీ సంతకాలు పెట్టించుకున్నవాళ్ళు, వెనక్కి ఇచ్చేటప్పుడు "హెడ్ ఆఫీసు నుంచి రావాలి సార్" అంటారు. అందుకని హోటల్ ఖాళీ చేసేటప్పుడు బిల్లుని రెండుగా చేయమని అడగండి, ఫారెక్స్ కార్డులో ఎంత ఉంటే అంత సెంట్లతో సహా దాంట్లోంచి, మిగతాది క్రెడిట్ కార్డు మీద. రిసెప్షన్‌లో ఎవరూ కాదనరు, మా తోడల్లుడు అలాగే చేసి కార్డులో సున్నా పెట్టుకుని వచ్చాడు. ఆ బ్లాకైన 200 తప్ప, అవి ఇంటికొచ్చాక విడుదలై ఇప్పుడు అదే ఫారం నింపుతున్నాడు.