ఒకే పొడవాటి ఆడియోనా, మెట్టుకో ముక్కా? స్టోరీలైన్‌లో మాట, బొమ్మ కలవకపోతే ఏది మేలు

గాజువాక వైపు ఒక వర్క్‌షాప్ కార్మికుల కోసం, కంప్యూటర్ పాఠాలు కట్టే స్టోరీలైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో భద్రతా పాఠం తయారు చేశాను. అందులో ఒక స్లైడ్‌లో గొంతు "ముందు ఎర్ర వాల్వ్ మూయండి" అంటోంది, తెర మీద బాణం మాత్రం అప్పుడే పచ్చ వాల్వ్ దగ్గరికి వెళ్లిపోయింది. తేడా మూడు సెకన్లు. ఆ పాఠం చూసేవాళ్లలో చాలామంది అక్షరాలు కూడబలుక్కోవడం కన్నా చెవినీ కంటినీ నమ్ముకుని నేర్చుకునేవాళ్లు. వాళ్ల ముందు అలాంటి స్లైడ్ పెట్టకూడదు.

కారణం వెతికితే చిన్నదే. స్లైడ్ మొత్తానికి నిమిషం నలభై సెకన్ల ఒకే ఆడియో ఫైల్ పెట్టాను. మొదట్లో ఒక వాక్యం మార్చమన్నారు. కొత్త వాక్యం పాతదానికన్నా మూడు సెకన్లు ఎక్కువ. ఆడియో మార్చాక దాని తర్వాతి మాటలన్నీ మూడు సెకన్లు ఆలస్యమయ్యాయి, టైమ్‌లైన్ (స్లైడ్‌లో ఏది ఏ సెకనుకి రావాలో చూపే పట్టీ) మీద నేను పెట్టుకున్న క్యూ పాయింట్లు, అంటే సమయపు గుర్తులు, మాత్రం పాత చోటే ఉండిపోయాయి. బాణాలన్నీ వాటికే కట్టి ఉన్నాయి కదా.

అలాగని పొడవాటి ఆడియో పద్ధతి చెడ్డదని కాదు. టైమ్‌లైన్‌ని ప్లే చేస్తూ, మాట వినబడగానే కీబోర్డు మీద సీ నొక్కితే అక్కడ క్యూ పాయింట్ పడుతుంది. తర్వాత బొమ్మను దానికి అలైన్ చేస్తే చాలు. పది బొమ్మలున్న స్లైడ్ కూడా ఒక్క విడతలో కుదురుతుంది. గొంతు తెగదు, ఊపిరి సహజంగా వస్తుంది. పాఠం మొదట్లో చెప్పే పరిచయానికీ, జరిగిన ప్రమాదాన్ని కథలా వివరించే స్లైడ్‌కీ నేను ఇప్పటికీ ఇదే వాడతాను. ఎటొచ్చీ, స్క్రిప్ట్ ఖాయమయ్యాకే.

వరుసగా చేయాల్సిన పనులు నేర్పే స్లైడ్‌కి మాత్రం మెట్టుకో లేయర్ (స్లైడ్ మీద పరుచుకునే విడి పొర), ఆ లేయర్‌కి దాని ఆడియో. ఇక్కడ నాకు రెండో మాట లేదు. ప్రతి లేయర్ టైమ్‌లైన్ సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి రెండో మెట్టులో వాక్యం పెరిగినా అయిదో మెట్టు కదలదు. ఆడియోని ముక్కలు చేసి అదే టైమ్‌లైన్ మీద వరుసగా పేరిస్తే ఈ లాభం రాదు. ఒకటి పెరిగితే మిగతావన్నీ చేత్తో జరపాల్సిందే.

లేయర్లతో రెండు చిక్కులు వస్తాయి. మొదటిది, అడుగు స్లైడ్‌లో గొంతు ఆగకుండా లేయర్ గొంతుతో కలిసి మోగడం. లేయర్ సెట్టింగుల్లో బేస్ లేయర్ టైమ్‌లైన్‌ని ఆపే గడి ఉంటుంది, దానికి టిక్ పెట్టాలి. రెండోది గొంతు తేడా. విశాఖ ఉక్కపోతలో ఫ్యాన్ ఆపి రికార్డు చేస్తే పావుగంటకే గొంతు అలసిపోతుంది. మర్నాడు ఒక్క వాక్యం మళ్లీ చెబితే అది వేరే మనిషిలా వినిపిస్తుంది. అందుకే తెల్లారుజామున, వీధిలో బళ్లు మొదలవకముందే కూర్చుంటాను. ముందు పాత వాక్యాలు రెండు చెవిన వేసుకుని, ఆ స్వరం పట్టుకున్నాకే కొత్తది చెబుతాను.

ఇక ఫైల్ సంగతి. శబ్దాన్ని కుదించకుండా ఉంచే వేవ్ ఫైల్ మేలు. ఎమ్‌పీ3గా మార్చినప్పుడు ఫైల్ మొదట్లో కాస్త ఖాళీ చేరుతుంది. ఒక్కదానిలో చెవికి తెలియదు, ముక్కలు వెంటవెంటనే మోగాల్సిన చోట అతుకు తెలుస్తుంది. పైగా పబ్లిష్ చేసేటప్పుడు ఆడియో ఎలాగూ కుదించబడుతుంది. ముందే కుదించింది ఇస్తే రెండుసార్లు నలిగినట్టే. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ మోనో వేవ్ నిమిషానికి 5 ఎంబీ దాకా వస్తుంది. ఆ మాత్రం చోటు ఇవ్వొచ్చు. ఎమ్‌పీ3 తప్పనిసరైతే బిట్ రేట్ (సెకనుకి పట్టే డేటా) స్థిరంగా ఉంచండి.

ఇవన్నీ సరిచేయడానికి ముందు ఒక్క పని చేయండి. చెవిలో ఉన్నది బ్లూటూత్ అయితే తీసేసి వైరు ఇయర్‌ఫోన్ పెట్టండి. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యాన్ని పాఠం తప్పనుకుని క్యూ పాయింట్లన్నీ ముందుకో వెనక్కో జరిపితే, బాగున్న స్లైడ్ కాస్తా పాడవుతుంది. ప్రివ్యూ చూసి వదిలేయకుండా, పబ్లిష్ చేసిన కాపీని కార్మికులు వాడే రకం ఫోన్‌లోనే తెరవండి. మొదటి స్లైడ్‌లో మాట రాకపోతే కంగారు పడొద్దు. మనం ఒకసారి తాకేదాకా బ్రౌజర్లు శబ్దాన్ని ఆపి ఉంచుతాయి. మొదటి తెర మీద "మొదలుపెట్టండి" అని ఒక బటన్ ఉంచితే ఆ చిక్కు తీరుతుంది.

ఆ వాల్వ్ స్లైడ్‌ని ఆరు లేయర్లుగా మళ్లీ కట్టాను. ఇప్పుడు "ఎర్ర" అనే మాట మొదలవగానే బాణం ఎర్ర వాల్వ్ మీద ఉంటోంది. ఆ తర్వాత స్క్రిప్ట్‌లో ఇంకో రెండు మార్పులు వచ్చాయి. ఒక్కోసారి ఒక్క లేయర్‌నే తెరవాల్సి వచ్చింది.