విశ్వవిద్యాలయ వెల్డింగ్ ప్రయోగశాలలో లోహపు త్రీడీ ప్రింటింగ్: మా అనుభవం, అభిప్రాయం

పోత అచ్చు దొరకని ఒక పాత పంపు భాగాన్ని 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీలులో మళ్లీ తయారు చేయించుకోవడానికి, బయటి పనులను కూడా స్వీకరించే ఒక విశ్వవిద్యాలయ వెల్డింగ్ పరిశోధనశాలను ఆశ్రయించాము. అక్కడివారు లోహపు పొడిని లేజరుతో కరిగించే పద్ధతిని కాక, రోబో చేతికి బిగించిన వెల్డింగ్ టార్చితో లోహపు తీగను కరిగిస్తూ పొర మీద పొర పోసే ఆర్క్ (విద్యుత్ మెరుపు వేడి) పద్ధతిని సూచించారు. పొడి పద్ధతిలో పొర మందం మైక్రాన్లలో ఉంటుంది. తీగ పద్ధతిలో అది మిల్లీమీటర్లలో ఉంటుంది, పని ఎంతో వేగంగా సాగుతుంది. సన్నని వివరాలు లేని పెద్ద భాగానికి ఈ సలహా సరైనదే.

ఆర్క్‌తో లోహాన్ని పేర్చి వస్తువు తయారు చేయవచ్చన్న ఆలోచన పాతదే. రాల్ఫ్ బేకర్ అనే ఆవిష్కర్తకు దీనిపై 1925లోనే అమెరికా పేటెంటు లభించింది. కష్టమంతా వేడిని అదుపులో ఉంచడంలోనే ఉంది, ఈ ప్రయోగశాల సామర్థ్యం మాకు స్పష్టంగా కనిపించినదీ అందులోనే. పోసిన పొర 150 డిగ్రీల సెల్సియస్‌కు దిగేవరకు వారు తరువాతి పొరను మొదలుపెట్టలేదు, ఎందుకంటే వేడి పేరుకుపోతే కరిగిన లోహం పక్కలకు జారి గోడ మందం మారిపోతుంది. కరెంటు, వోల్టేజి, తీగ వేగం ప్రతి పొరకూ నమోదయ్యాయి.

మేము అడగకముందే వారు అదే గోడ నుంచి నిలువుగానూ అడ్డంగానూ ముక్కలు కోసి తన్యత పరీక్ష (లాగి బలం చూసే పరీక్ష) చేయడం మాకు అన్నిటికంటే నచ్చిన విషయం. వేడి ప్రధానంగా పొరలు పోయడానికి ఆధారంగా ఉండే కింది బేస్ ప్లేటు వైపు ప్రవహించడం వల్ల లోహపు స్ఫటిక రేణువులు పొరలను దాటుకుంటూ పైకి పొడవుగా పెరుగుతాయి, అందువల్ల బలమూ సాగే గుణమూ రెండు దిశలలో ఒకేలా ఉండకపోవచ్చు. ఒక దిశలో తీసిన ఒక్క అంకెను నమ్మి పంపును నడపడం ప్రమాదకరమని మా దృఢమైన అభిప్రాయం.

లోపాలూ ఉన్నాయి. బేస్ ప్లేటు నుంచి కోసి విడదీయగానే, చల్లారేటప్పుడు లోహంలో నిలిచిపోయిన ఒత్తిళ్ల వల్ల ఒక అంచు వంగింది. ఆ ఒత్తిళ్లను తగ్గించే ఉష్ణచికిత్స ముందే ఎందుకు చేయలేదని అడిగితే, వెల్డ్ లోహంలోని డెల్టా ఫెర్రైటు (స్టీలులో కొద్దిగా ఏర్పడే ఒక స్ఫటిక రూపం) సుమారు 600 నుంచి 900 డిగ్రీల మధ్య సిగ్మా దశ అనే పెళుసైన మరో రూపంగా మారే అవకాశం ఉందని వివరించారు. కారణం సబబైనదే, కానీ ఆ సంగతి పని మొదలుపెట్టేటప్పుడే చెప్పి ఉంటే, యంత్రంతో చెక్కి సరిచేసే మెషినింగ్‌కు మరింత మందం వదలమని మేమే కోరేవాళ్లం. యంత్రం విద్యార్థుల పరిశోధనకు కూడా కావాలి కాబట్టి మా పని పలుమార్లు ఆగింది. నివేదిక కూడా పరిశోధకుల కోసం రాసినట్లుంది. వర్క్‌షాపులో ఉండేవారికి కావలసిన అంకెలు చివరి పేజీలలో ఎక్కడో దొరికాయి.

ఒకే నమూనాలో అనేక భాగాలు త్వరగా కావలసినవారికి ఈ సేవ తగదు. లోహం ఎలా ప్రవర్తిస్తుందో ముందుగా తెలుసుకోవలసిన ఒంటరి, విలువైన భాగానికి మాత్రం నిస్సందేహంగా సిఫారసు చేస్తాము. ఉపరితలం అలలు అలలుగా వస్తుంది కనుక మెషినింగ్‌కు వదిలే మందం, పరీక్ష ముక్కల దిశలు, పొరల మధ్య అతుకు లోపాలను పట్టే రేడియోగ్రఫీ (ఎక్స్-రే వంటి కిరణాలతో లోపలి పరీక్ష), తీగ రసాయన ధ్రువపత్రం, ఈ నాలుగింటినీ ఒప్పందంలోనే రాయించుకోండి.