జాగ్రత్త: చవగ్గా వచ్చే 9 ఎంఎం తూటాల పెట్టె కొనేముందు షెల్ స్టీలో ఇత్తడో చూసుకోండి

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి, ముఖ్యంగా టెక్సస్‌లో వీకెండ్ వస్తే షూటింగ్ రేంజ్‌కి (తుపాకీ కాల్చే చోటికి) వెళ్ళే బ్యాచ్‌లకి చెప్తున్నా. ఆన్‌లైన్‌లో వెయ్యి రౌండ్ల (తూటాల) 9 ఎంఎం పెట్టె మిగతావాటికంటే బాగా తక్కువకి కనపడిందంటే, కార్ట్‌లో వేసేముందు ఆ షెల్, అంటే గన్‌పౌడర్ ఉండే వెనక గొట్టం, దేంతో చేశారో చూడండి. స్టీల్ అయితే చాలా ఇండోర్ రేంజ్‌లు కాల్చనివ్వవు, అమ్మినవాడేమో వెనక్కి తీసుకోడు, డబ్బులు పోయి పెట్టె ఇంట్లో మూలన పడుంటుంది. నా విషయంలో అదే జరిగింది.

కొన్న సైట్ పేరు చెప్పను, ఇలా అమ్మేది వాళ్ళొక్కరే కాదు కాబట్టి. టైటిల్‌లో 9 ఎంఎం, 115 గ్రెయిన్ (బుల్లెట్ బరువు), ఎఫ్ఎంజే (బుల్లెట్ మీద లోహపు తొడుగు) అని పెద్దగా రాశారు, ఫొటోలో బుల్లెట్, అంటే తూటా ముందు భాగం, మెరుస్తోంది, షెల్ కూడా పసుపుగానే కనిపిస్తోంది, ఎవరు చూసినా ఇత్తడే అనుకుంటారు. స్టీల్ అన్న మాట పైన ఎక్కడా లేదు. కింద వివరాల టేబుల్ తెరిస్తే ఆ చివర చిన్నక్షరాల్లో కేసింగ్ (షెల్) స్టీల్, జాకెట్ (బుల్లెట్ తొడుగు) బైమెటల్ అని ఉంది. రేంజ్‌లో కౌంటర్ దగ్గర సేఫ్టీ ఆఫీసర్ ఒక చిన్న మాగ్నెట్ తీసి రౌండ్‌కి ఆనించాడు, టక్కున అంటుకుంది, ఇవి ఇక్కడ కుదరవు సర్ అన్నాడు అంతే. మర్యాదగానే చెప్పాడు, అతని తప్పేం లేదు. ఇక ఆ పూట రేంజ్ వాళ్ళ దగ్గరే వాళ్ళ రేటుకి కొనాల్సొచ్చింది. సైట్‌వాళ్ళకి మెయిల్ పెడితే సేఫ్టీ కారణాల వల్ల అమ్యునిషన్ రిటర్న్ తీసుకోం అని జవాబు. చాలామంది అమ్మకందార్ల పాలసీ అదే, సరే, ఒప్పుకుంటా, ఒకసారి బయటికెళ్ళిన తూటాల్ని మళ్ళీ ఇంకొకరికి అమ్మకూడదు. కానీ వెనక్కి తీసుకోనని ముందే తెలిసినప్పుడు స్టీల్ అనే ఒక్క మాట టైటిల్‌లో పెట్టాలి కదా, అది కావాలనే దాచడం అనే నేనంటాను.

రేంజ్ వాళ్ళు వాళ్ళ సరుకు అమ్ముకోడానికే ఈ రూల్ పెట్టారని మనలో చాలామంది అంటుంటారు. కొంత నిజం ఉండొచ్చు గానీ అసలు కారణాలు వేరే ఉన్నాయి. స్టీల్ షెల్ తూటాల్లో చాలావాటికి బుల్లెట్ కూడా పూర్తి రాగి కాదు, లోపల సీసం, దాని మీద పల్చటి స్టీల్ తొడుగు, ఆ పైన రాగి పూత, బైమెటల్ అంటే ఇదే. అది వెళ్ళి టార్గెట్ వెనకున్న స్టీల్ ప్లేటుకి కొడితే నిప్పురవ్వలు లేస్తాయి. తుపాకీ కాల్చిన ప్రతిసారీ కొంచెం గన్‌పౌడర్ పూర్తిగా కాలకుండా ముందుకి రాలుతుంది, ఇండోర్‌లో అది నేల మీదా మూలల్లోనూ పేరుకుంటుంది, ఎంత ఊడ్చినా కొంత మిగిలే ఉంటుంది. దాని మీద రవ్వ పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కొన్ని రేంజ్‌లలో బుల్లెట్‌ని ఆపడానికి రబ్బరు ముక్కలు గుట్టగా పోస్తారు, అక్కడైతే ఇంకా భయం, రబ్బరు అంటుకుంటే ఆర్పడం చాలా కష్టం, నాలుగు గోడల మధ్య ఆ పొగలో జనం ఉంటారు. అందుకే ఈ రూల్‌ని నేను తప్పుపట్టను, మా ఇంట్లోవాళ్ళు కూడా పక్క లేన్‌లోనే నిలబడతారు.

రెండోది డబ్బు సంగతి. కింద పడిన ఇత్తడి షెల్స్‌ని రేంజ్ వాళ్ళు ఊడ్చి రీలోడింగ్ (ఖాళీ షెల్‌ని మళ్ళీ తూటాగా నింపడం) చేసేవాళ్ళకో స్క్రాప్‌కో తూకానికి అమ్ముతారు, అందులో స్టీల్ కలిస్తే ఏరుకోవాలి, లేకపోతే రేటు పడిపోతుంది. అల్యూమినియం షెల్స్‌ని కూడా కొన్ని రేంజ్‌లు వద్దనేది ఇందుకే, వాటితో రవ్వల గొడవ లేకపోయినా.

ఇప్పుడు మాగ్నెట్ గురించి, దీంట్లో చాలామంది సగమే చూస్తారు. ఫ్రిజ్ మీదుండే మాగ్నెట్ చాలు. ముందు షెల్ పక్కన పెట్టండి, తర్వాత బుల్లెట్ మొన దగ్గర కూడా పెట్టండి, రెండూ చూడాలి. షెల్ ఇత్తడై బుల్లెట్ మాత్రం బైమెటల్ అయిన తూటాలు కూడా ఉన్నాయి, అవి చూడ్డానికి పక్కా ఇత్తడిలా ఉండి మాగ్నెట్‌కి మొన దగ్గర అంటుకుంటాయి, రేంజ్‌లో అవీ ఆపేస్తారు. రంగుని అసలు నమ్మకండి. స్టీల్ షెల్ మీద రాగి పూత వేస్తారు, జింక్ పూత వేస్తారు, పాలిమర్ పూసి బూడిద రంగులో ఇస్తారు, లక్క పూసి ఆకుపచ్చగా ఇస్తారు. అల్యూమినియానికి మాగ్నెట్ అంటుకోదు కాబట్టి అది మాగ్నెట్‌తో దొరకదు, తెల్లగా తేలిగ్గా ఉంటే అనుమానించండి.

బ్రాండ్ చూసి కూడా ధైర్యపడొద్దు. స్టీల్ అంటే రష్యాది, తులా, వోల్ఫ్, బ్రౌన్ బేర్ లాంటివి అని ఒక అలవాటు పడిపోయింది. 2021 ఆగస్టులో రష్యా ప్రతిపక్ష నాయకుడు నవాల్నీ మీద విషప్రయోగం విషయంలో అమెరికా ప్రభుత్వం రష్యా మీద ఆంక్షలు ప్రకటించింది, సెప్టెంబర్ 7 నుంచి అక్కడి తుపాకులకీ తూటాలకీ కొత్త ఇంపోర్ట్ పర్మిట్లు ఆపేశారు. దాంతో ఇంక స్టీల్ ఎక్కడుంది, ఏ అమెరికన్ పేరున్నా ఇత్తడే అనుకునేవాళ్ళని చూశాను. వించెస్టర్ వాళ్ళ యూఎస్ఏ ఫోర్జ్‌డ్ 9 ఎంఎం స్టీల్ షెల్లే. బ్లేజర్ అనే పేరుతో అల్యూమినియం ఉంది, బ్లేజర్ బ్రాస్ అని ఇత్తడిదీ ఉంది, పేరులో ఒక్క మాటే తేడా. పేరు పూర్తిగా చదవండి.

గన్ పాడవుతుందా అని అడిగేవాళ్ళకి, ఒక్క పెట్టెతో ఏం కాదు. ఇత్తడి పేలినప్పుడు సాగి ఛాంబర్ (గన్‌లో తూటా కూర్చునే అర) గోడకి అతుక్కుని గ్యాస్ వెనక్కి రాకుండా ఆపుతుంది, స్టీల్ అంతగా సాగదు, అందుకని ఛాంబర్‌లో మసి ఎక్కువ పడుతుంది, ఆ మసి తుడవకుండా వెంటనే ఇత్తడి రౌండ్లు వేస్తే షెల్ ఇరుక్కోవచ్చు. తుడుచుకుంటే సరిపోతుంది. ఒకసారి మీ గన్ మాన్యువల్‌లో స్టీల్ గురించి ఏం రాశారో కూడా చూసుకోండి, వద్దని రాసుంటే వారంటీ దగ్గర ఇబ్బంది.

ఇప్పటికే కొనేసినవాళ్ళు దాన్ని వదిలించుకుందామని ఫ్రెండ్‌కో రూమ్మేట్‌కో ఇచ్చేయకండి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. హెచ్1బీ, ఎఫ్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉంటే తప్ప. తెలిసి ఇచ్చినవాళ్ళ మీద కూడా కేసవుతుంది. రేంజ్‌లో అద్దె గన్ పట్టుకోవడం కూడా ఇందులోకే వస్తుంది. మన పిల్లలు చాలామందికి ఇది తెలీదు, గ్రూప్ ఫొటో కోసం వెళ్ళి వీసా మీదకి తెచ్చుకోవద్దు తమ్ముళ్ళూ. గ్రీన్‌కార్డ్ వాళ్ళకి ఈ వీసా అడ్డంకి లేదు.

అవుట్‌డోర్ రేంజ్‌లలో స్టీల్ షెల్‌కి ఒప్పుకునేవి చాలానే ఉన్నాయి, పెట్టె ఖాళీ చేయడానికి అదే మంచి దారి. అక్కడ కూడా స్టీల్ టార్గెట్ల మీద బైమెటల్ కాల్చనివ్వకపోవచ్చు, ఎండిన గడ్డి ఉన్న వేసవిలో ఫైర్ రిస్ట్రిక్షన్లు పెట్టినప్పుడు పశ్చిమ రాష్ట్రాల్లో పబ్లిక్ భూముల్లో స్టీల్ కోర్ (బుల్లెట్ లోపల స్టీల్), స్టీల్ జాకెట్ తూటాలు చాలాచోట్ల నిషేధిస్తారు. 2013లో అమెరికా ఫారెస్ట్ సర్వీస్ వాళ్ళు రైఫిల్ బుల్లెట్లని స్టీల్ ప్లేటుకి కొట్టించి చూసిన పరీక్షల్లో, ముక్కలైన బుల్లెట్ వేడికి కింద వేసిన ఎండు పదార్థం అంటుకోవడం కనిపించింది. అది రైఫిల్ సంగతే గానీ, వేసవిలో జాగ్రత్త పడటానికి ఆ మాత్రం చాలు.

కొనేముందు మీరు వెళ్ళే రేంజ్‌కి ఫోన్ చేసి, స్టీల్ షెల్ ఒప్పుకుంటారా, బైమెటల్ జాకెట్ ఒప్పుకుంటారా, అల్యూమినియం సంగతేంటి అని మూడూ విడివిడిగా అడగండి, స్టీల్ ఓకేనా అని ఒక్క ముక్క అడిగితే కౌంటర్ మీదున్న కుర్రాడు షెల్ గురించి మాత్రమే చెప్పి పెట్టేస్తాడు.