రీమ్యాప్ చేసిన స్విఫ్ట్ డీజిల్‌కి డ్యాంపర్ పుల్లీ: నేను ఏది కొన్నాను, ఎందుకు కొన్నాను

సుంకి ఘాట్ ఎక్కుతుండగా మొదటిసారి ఆ చప్పుడు విన్నాను. సాలూరులో టీ తాగి బయల్దేరాం. వెనక సీటు నిండా కెమెరా పెట్టెలు, ఏసీ నడుస్తోంది. సెకండ్ గేర్‌లో మలుపు తిరిగేసరికి బానెట్ లోపల టకటక, మధ్యమధ్యలో బెల్ట్ కీచుమంటోంది. ఏసీ ఆపితే తగ్గింది, వేస్తే మళ్ళీ మొదలు.

మాది కొరాపుట్ జిల్లా సునాబెడ. పెళ్ళి ఫోటోల పని మీద నెలకు నాలుగైదు సార్లు విజయనగరం, విశాఖ దిగుతాను. బండి 2013 స్విఫ్ట్ డీజిల్, 1248 సీసీ. కంపెనీ లెక్క ప్రకారం టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) 190 న్యూటన్ మీటర్లు. లోడుతో ఘాట్ ఎక్కడానికని రెండేళ్ళ క్రితం రీమ్యాప్ చేయించాను, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లో సెట్టింగులు మార్పించి బలం పెంచుకున్నాను. 230 దాటిందని చేసినవాళ్ళు చెప్పారు. బండి హాయిగా ఎక్కుతోంది, అందులో అబద్ధం లేదు. కానీ పెరిగిన ఆ టార్క్‌ని లోపల ఏ పార్టు మోస్తుందో అప్పుడు నేను అడగలేదు.

సెమిలిగుడ మెకానిక్ బెల్ట్, దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనర్ చూసి రెండూ బాగానే ఉన్నాయన్నాడు. అసలు సంగతి పట్టుకున్నది మా మావయ్య. ఆయన ఇక్కడి హెచ్‌ఏఎల్ ఇంజిన్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. సన్న బ్రష్‌తో తెల్ల పెయింటు తీసుకుని, క్రాంక్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) చివర ఉండే పుల్లీ మీద, నడిమి హబ్ నుంచి రబ్బరు మీదుగా బయటి రింగు అంచు దాకా తిన్నగా ఒక గీత గీశారు. "వారం తిప్పి తీసుకురా అల్లుడూ" అన్నారు. వారం తర్వాత చూస్తే ఆ గీత రెండు ముక్కలైంది. హబ్ మీది ముక్క ఒక దగ్గర, రింగు మీది ముక్క వేలెడు దూరంలో. మధ్యలో రబ్బరు ఒక పక్క ఉబ్బి ఉంది, గోరుతో గీరితే నల్లగా జిడ్డుగా ఊడొచ్చింది. పుల్లీ వెనక, నూనె బయటికి రాకుండా ఆపే క్రాంక్ ఆయిల్ సీల్ ఎప్పటినుంచో చెమరుస్తోంది. ఆ నూనె, వేడి, నా రీమ్యాప్, మూడూ కలిసి రబ్బరుని తినేశాయి.

ఈ క్రాంక్ పుల్లీని ఉత్త బెల్ట్ తిప్పే చక్రం అనుకునేవాళ్ళే ఎక్కువ, నేనూ అలాగే అనుకున్నాను. పుస్తకాల్లో హార్మోనిక్ బ్యాలెన్సర్ అని ఉంటుంది, షాపులో డ్యాంపర్ పుల్లీ అంటే ఇస్తారు. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంక్ ఒక చుట్టు తిరిగేలోపు రెండుసార్లు ఫైరింగ్ అవుతుంది, అంటే సిలిండర్‌లో ఇంధనం మండి క్రాంక్‌ని తోస్తుంది. అంటే 2,000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 4,000 దెబ్బలు. ప్రతి దెబ్బకీ క్రాంక్ వెంట్రుకవాసి మెలితిరిగి వెనక్కి వస్తుంది. కొన్ని స్పీడుల్లో ఈ మెలికలు ఒకదానికొకటి తోడై పెరుగుతాయి, ఉయ్యాలని అదను చూసి తోస్తే ఎత్తుకి పోయినట్టు. బయటి బరువైన రింగు, రబ్బరు కలిసి ఆ ఊపుని పీల్చుకుని వేడిగా వదిలేస్తాయి. రబ్బరు పోయిన పుల్లీతో అలాగే తిప్పితే బోల్టులు వదులవుతాయి, చివరికి క్రాంక్ కూడా విరగొచ్చు. పైగా నా ఇంజిన్‌లో వాటర్ పంపు కూడా ఈ బెల్ట్ మీదే తిరుగుతుంది. ఘాట్ మధ్యలో బెల్ట్ పడిపోతే ఇంజిన్ ఉడికిపోతుంది. ఆ టెన్షన్‌తో ఆ వారం నేను దిగువకి వెళ్ళలేదు.

రీమ్యాప్ చేసినవాళ్ళు అల్యూమినియం పుల్లీ వేయించుకోమన్నారు. తేలిక, పికప్ పెరుగుతుంది అని. చూడటానికి భలే ఉంది, నీలం రంగు. కానీ అది ఒకే ముక్క, రబ్బరూ లేదు, బరువు రింగూ లేదు. ఇక్కడ బరువే పనిచేసేది, దాన్ని తీసేసి తేలికైందని సంబరపడితే ఎలా? వద్దన్నాను. ఫ్లూయిడ్యాంపర్ అనే బ్రాండు లాంటివాటిలో రబ్బరుకి బదులు చిక్కటి సిలికాన్ ద్రవంలో రింగు తిరుగుతుంది. ఏటీఐ అనే ఇంకో కంపెనీది విప్పి రబ్బర్లు మార్చి మళ్ళీ బిగించుకునే రకం. రేసుల్లో వాడేవాటికి ఎస్‌ఎఫ్‌ఐ 18.1 అనే భద్రతా ప్రమాణం ముద్ర కూడా చూస్తారు. మనసు అటు లాగింది గానీ నా ఇంజిన్‌కి సరిపోయేది నాకు దొరకలేదు.

దగ్గరి టౌన్లో ఒక షాపతను ఒరిజినల్ ధరలో సగం కూడా లేని పుల్లీ ఇచ్చాడు, "అదే మాల్ సార్" అన్నాడు. నమ్మి తెచ్చాను. మావయ్య దాన్ని కూరగాయల కాటా మీద పెడితే నా పాతదానికంటే 300 గ్రాములు తక్కువ తూగింది. డయల్ గేజ్ (సన్నటి వంకరని ముల్లుతో చూపే కొలత పరికరం) పెట్టి చేత్తో తిప్పితే రింగు అంచు దగ్గర ముల్లు నలభై గీతలు ఊగింది. గీతకి 0.01 మిల్లీమీటరు, అంటే రింగు 0.4 మిల్లీమీటరు వంకరగా తిరుగుతోంది. బరువు మారితే ఆ రింగు ఏ స్పీడు ఊపుని పట్టుకోవాలో దాన్ని పట్టుకోదు. తిరిగిచ్చేశాను, డబ్బులకి బదులు ఇంజిన్ ఆయిల్ తీసుకోవాల్సొచ్చింది.

చివరికి ఛాసిస్ నంబరు చెప్పి విశాఖలో కంపెనీ ఒరిజినల్ ఆర్డర్ పెట్టాను. పన్నెండు రోజులు పట్టింది, బస్సు పార్సిల్లో వచ్చింది. బరువు పాతదానితో సమానం. డయల్ గేజ్ ముల్లు ఎనిమిది గీతలు దాటలేదు. రబ్బరు చుట్టూ ఒకే మందం, గోరు దిగలేదు. రీమ్యాప్ టార్క్‌కి ప్రత్యేకంగా చేసింది కాదు, అది నిజమే. అందుకే మ్యాప్‌ని కూడా ఒక మెట్టు తగ్గించుకున్నాను. ఘాట్‌కి అది చాలు.

బిగించే రోజు ఆయిల్ సీల్, బెల్ట్, బోల్టులు కొత్తవి వేయించాను. సీల్ మార్చకుండా పుల్లీ ఒక్కటే మార్చుకునేవాళ్ళు దయచేసి ఆగండి, కొత్త రబ్బరుకీ అదే గతి పడుతుంది. బోల్టుని లెక్క ప్రకారం బిగించే టార్క్ రెంచ్ తన దగ్గర లేదని మెకానిక్ అంటే మావయ్యదే పట్టుకెళ్ళాను. కొన్ని ఇంజిన్లలో ఈ పుల్లీని క్రాంక్ ముక్కు మీదికి బిగుతుగా ఎక్కించాలి. అలాంటిచోట సుత్తి ముట్టనివ్వకండి, ఎక్కించే టూల్ ఉన్న మెకానిక్ దగ్గరికే వెళ్ళండి. విప్పేటప్పుడు పుల్లర్ (లాగి ఊడదీసే టూల్) కాళ్ళు బయటి రింగుకి తగిలిస్తే రబ్బరు ఊడుతుంది, హబ్‌ని పట్టే లాగాలి.

ఇప్పటికి ఆరు నెలలు, 9,000 కిలోమీటర్లు. ఏసీ వేసుకునే సుంకి ఎక్కుతున్నాను, టకటక లేదు, కీచు లేదు. కొత్త పుల్లీ మీద కూడా మావయ్య తెల్ల గీత గీశారు. మొన్న ఆదివారం టార్చి వేసి చూశాం. దుమ్ము పట్టింది గానీ గీత తిన్నగానే ఉంది.