జాగ్రత్త: ‘కంపెనీ క్వాలిటీ’ అని కొన్న ఇగ్నిషన్ స్విచ్ 19 రోజులకే బండిని నడిరోడ్డు మీద ఆపేసింది

బైక్‌కి ఇగ్నిషన్ స్విచ్ (తాళం పెట్టి తిప్పే స్విచ్) ఆన్‌లైన్‌లో కొందామని చూస్తున్నవాళ్లు ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి. నేను కొన్నది 19 రోజులు బాగానే పనిచేసింది. ఆ మర్నాడు రాత్రి మలుపు తిరుగుతుంటే ఇంజను, హెడ్‌లైటు, మీటరు మూడూ ఒక్కసారే ఆరిపోయాయి. వెనక లారీ. హారన్ నొక్కితే అదీ మోగలేదు. ఇండికేటర్ వెయ్యడానికీ లేదు. క్లచ్ పట్టేసి, ఉన్న ఊపులోనే బండిని రోడ్డు పక్కకి దొర్లించాను. తాళం చెవిని కాస్త ఎడమకి నొక్కి పట్టుకుంటే లైట్లు వస్తున్నాయి, వదిలితే పోతున్నాయి. అలా ఒక చేత్తో తాళం పట్టుకుని ఇంటిదాకా వచ్చాను. ఆ టెన్షన్ ఇంకెవరికీ వద్దు.

ఇందులో సగం తప్పు నాదే, అదీ చెప్తాను.

నాది ఎనిమిదేళ్ల బండి. రెండు నెలలుగా గుంతలో పడ్డప్పుడల్లా మీటరు ఒక్క క్షణం ఆరి వెలిగేది. పార్కింగ్‌లో హ్యాండిల్ పూర్తిగా ఎడమకి తిప్పితే ఇంజను ఆగిపోయేది. మెకానిక్ తాళం రెండుసార్లు తిప్పి చూసి ‘స్విచ్ పోయిందండీ, సెట్ మార్చేద్దాం’ అన్నాడు. నేనే తెలివిగా ‘పార్ట్ నేను తెచ్చుకుంటా’ అని ఆన్‌లైన్‌లో వెతికాను. కంపెనీ డబ్బాలాంటి డబ్బా, అదే పార్ట్ నంబరు, ‘ఓఈఎం క్వాలిటీ’ అనే మాట, కింద వరసగా నక్షత్రాలు. ఇంకేం కావాలి అనుకున్నాను. ‘ఓఈఎం క్వాలిటీ’ అంటే కంపెనీకి సరఫరా చేసేవాడు తయారుచేసిందని కాదు. ఆ మాట ఎవడైనా అచ్చేసుకోవచ్చు.

బిగించగానే పాత రోగం మాయమైంది. దాంతో స్విచ్చే దోషి అని నాకు నమ్మకం కుదిరిపోయింది. అసలు సంగతి తర్వాత తెలిసింది.

ఇంటికొచ్చాక కొత్తదాన్నీ పాతదాన్నీ పక్కపక్కన పెట్టి విప్పాను. చాలా బండ్లలో తాళం బుర్ర వేరు, దాని కింద కరెంటు కలిపే ప్లాస్టిక్ అడుగు వేరు. రెండు మూడు స్క్రూలు తీస్తే అడుగు ఊడొస్తుంది. పాతదాని లోపల ఇత్తడి పలక మందంగా ఉంది. గ్రీజు ఎండి నల్లబడింది, పాయింట్ల మీద చిన్న చిన్న మచ్చలు ఉన్నాయి, అంతే. కొత్తదాంట్లో పలక అగరొత్తుల డబ్బా రేకులా పల్చగా ఉంది. వేలితో నొక్కితే వంగింది. దాన్ని పైకి నొక్కి ఉంచాల్సిన స్ప్రింగు ఒకవైపు కుంగిపోయింది, ఎందుకంటే దాని కింద ప్లాస్టిక్ మెత్తబడి గుంత పడింది. తీగల మందంలోనూ తేడా కంటికే తెలుస్తోంది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

ప్లాస్టిక్ ఎందుకు కరిగింది? నా బండిలో బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు మెయిన్ ఫ్యూజు దాటి నేరుగా ఈ స్విచ్‌లోంచే పోతుంది. హెడ్‌లైటు, టెయిల్ లైటు, కాయిల్ అన్నీ కలిపి ఆరు ఆంపియర్ల దాకా లాగుతాయి. ఆ చెడిపోయిన స్విచ్ రెండు వైపులా మల్టీమీటర్ పెట్టి కొలిస్తే 1.4 వోల్టులు అక్కడే దిగిపోతున్నాయి. అంటే ఎనిమిది వాట్లకు పైగా వేడి, గోరంత పలక మీద. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌లో మూడో వంతు అనుకోండి. కరగక ఏం చేస్తుంది?

ఈ కొలత ఎలా తియ్యాలో చెప్తాను, ఎందుకంటే నేను మొదట్లోనే ఇది చేసి ఉంటే అసలు కొనేవాణ్నే కాదు. మల్టీమీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టండి. తాళం ఆన్ చేసి హెడ్‌లైటు వెలిగేలా చూసుకోండి. స్విచ్ కప్లర్ (తీగలు కలిసే ప్లగ్గు) ఊడదీయకుండానే, వెనక నుంచి ఒక ముల్లు బ్యాటరీ వైపు తీగకీ రెండోది బయటికి పోయే తీగకీ ఆనించండి. చాలా బండ్లలో బ్యాటరీ తీగ ఎరుపు. కానీ రంగులు కంపెనీని బట్టి మారతాయి, మీ బండి వైరింగ్ చిత్రం చూసుకోండి. 0.2 వోల్టుల లోపు వస్తే స్విచ్ బాగున్నట్టే. అర వోల్టు దాటితే అనుమానించాలి. కొలుస్తూనే హ్యాండిల్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పండి, తాళాన్ని కదపండి. ఎక్కడ అంకె ఎగిరితే అక్కడే దొంగ.

తీగ తెగకుండా ఉందో లేదో మీటరు ‘కీ’మని చెప్పే కంటిన్యుటీ పరీక్ష ఒక్కదాన్నే నమ్మకండి. మీటరు పంపే కరెంటు చాలా చిన్నది. పదిహేను పోగుల తీగలో ఒక్క పోగు మిగిలినా చక్కగా ‘కీ’ అంటుంది. హెడ్‌లైటు వేస్తే ఆ ఒక్క పోగు తట్టుకోలేదు. నా పాత స్విచ్ రోగం అచ్చంగా ఇదే. స్విచ్ నుంచి వచ్చే తీగ స్టీరింగ్ మెడ దగ్గర వంగీ వంగీ, పైన తొడుగు బాగానే ఉండి లోపల రాగి తెగిపోయింది. కొత్త స్విచ్ తన సొంత తీగలతో వచ్చింది కాబట్టి బిగించగానే బాగైనట్టు అనిపించింది! చివరికి పాతదాన్నే కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి, తెగిన చోట కొత్త తీగ సోల్డర్ చేసి, పైన హీట్ ష్రింక్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) తొడిగి బిగించాను. ఇప్పుడు 0.08 వోల్టులు చూపిస్తోంది.

ఇంకో మాట. లైట్లు వెలుగుతూనే ఇంజను ఒక్కటే ఆగిపోతుంటే ఈ స్విచ్ జోలికి ముందే వెళ్లకండి. కిల్ స్విచ్, సైడ్ స్టాండ్ స్విచ్ చూడండి. అన్నీ కలిసి ఆరితే బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్ తీగ, మెయిన్ ఫ్యూజు చూశాకే స్విచ్. కొన్ని పాత చిన్న బండ్లలో సీడీఐకి (స్పార్క్ ప్లగ్‌కి నిప్పురవ్వ పుట్టించే యూనిట్) కరెంటు బ్యాటరీ నుంచి కాక నేరుగా మాగ్నెటో నుంచి, అంటే ఇంజను తిప్పే జనరేటర్ నుంచి వస్తుంది. వాటిలో స్విచ్ పని తారుమారు: ఆఫ్ చేసినప్పుడు సీడీఐ తీగను ఎర్త్‌కి కలుపుతుంది. అందుకే కప్లర్ ఊడితే ఇంజను ఆగకపోగా, తాళం తీసినా ఆగనంటుంది.

సెల్లర్ సంగతికి వస్తే, మొదట ‘ఎలక్ట్రికల్ ఐటమ్, ఫిట్ చేశాక రిటర్న్ లేదు’ అన్నాడు. తర్వాత ‘మీ బండిలో షార్ట్ ఉంది, అందుకే కాలింది’ అన్నాడు. షార్ట్ అయితే ముందు ఫ్యూజు పోవాలి కదా, నా ఫ్యూజు చెక్కుచెదరలేదు అని ఫొటో పంపాను. కరిగిన ప్లాస్టిక్ ఫొటో కూడా పంపాను. అప్పటి నుంచి జవాబు లేదు.

పార్ట్ నంబరు కలిసింది కదా అని ధీమాగా ఉండకండి. 2014లో జనరల్ మోటార్స్ లోపమున్న ఇగ్నిషన్ స్విచ్‌ల వల్ల దాదాపు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. ఆ స్విచ్ లోపలి భాగాన్ని అంతకు చాలా ముందే మార్చారు, కానీ నంబరు మార్చలేదు. దాంతో లోపం ఎక్కడుందో పట్టుకోవడం చాలా ఆలస్యమైంది. అంత పెద్ద కంపెనీలోనే ఒకే నంబరు కింద రెండు రకాల వస్తువులుంటే, ఊరూపేరూ లేని డబ్బా మీది నంబరు ఏం చెప్తుంది? ఆ స్విచ్‌లో తాళంగుత్తి బరువుకే కీ ఆన్ నుంచి జారిపోయే ప్రమాదం ఉండేది. నేనూ ఇంటి తాళాలన్నీ బండి తాళం చెవికి తగిలించేవాణ్ని, ఇప్పుడు తీసేశాను.

తప్పనిసరిగా కొనాల్సివస్తే అడుగు భాగం ఒక్కటే దొరుకుతుందేమో ముందు అడగండి, తాళాలు మార్చే పని తప్పుతుంది. మీ తాళం చెవిలో ఇమ్మొబిలైజర్ చిప్ (వేరే తాళంతో బండి స్టార్ట్ కాకుండా ఆపేది) ఉంటే మొత్తం సెట్ మార్చడం ఇంకా తలనొప్పి, కొత్త చెవిని బండి గుర్తుపట్టేలా మళ్లీ ప్రోగ్రామ్ చెయ్యాలి. సెల్లర్‌ని స్విచ్ వెనక వైపు ఫొటో, కప్లర్ పిన్నుల ఫొటో అడగండి. ముందువైపు మెరుపు అందరూ చూపిస్తారు. వచ్చాక బిగించే ముందు పాతదాని తీగతో మందం పోల్చి చూడండి, కప్లర్ ఒకసారి తొడిగి లాగండి. వదులుగా ఊడొస్తే అక్కడే ఆపి వెనక్కి పంపండి, బిగించాక ఎవరూ తీసుకోరు.

నిన్న మళ్లీ వెతికితే అదే స్విచ్, అదే ఫొటో, వేరే సెల్లర్ పేరు కింద కనిపించింది. ఈసారి ‘హెవీ డ్యూటీ’ అని కూడా కలిపారు.